ఇల్లు ఖాళీ అయితేనే కూలి

విజయనగరంలో అద్దెకి ఇల్లు చూపించిన బ్రోకరుకి ఒక నెల అద్దె ఇవ్వాలి. ఇచ్చేది అద్దెకి దిగేవాళ్ళు. ఇంటి యజమాని ఇస్తే సగం నెల ఇస్తాడు. చాలామంది అదీ ఇవ్వరు. కొత్త ఇంట్లో పాలు పొంగించిన రోజున, తాళంచెవులు చేతికొచ్చాక, ఆ డబ్బు అతని చేతిలో పెట్టాలి. ఇల్లు కుదరకపోతే ఎన్ని వీధులు తిప్పినా పెట్రోలు ఖర్చు అతనిదే. ఇదంతా అందరికీ తెలిసినదే, నాకూ తెలుసు. ఇలా కూలి పుచ్చుకునే మనిషి చివరికి ఎవరి వైపు నిలబడతాడన్నది మాత్రం అప్పట్లో నాకు తెలియదు. మా అప్ప మంచంమీద ఉండగా తెలిసింది.

అప్ప అంటే మా అక్క, నాకన్నా తొమ్మిదేళ్ళు పెద్దది. గజపతినగరం దగ్గర ఒక పల్లెలో, వరి పండించుకునే ఇంట్లో పుట్టాం. తను ముందు చదువుకుని ప్రాథమిక పాఠశాలలో టీచరయింది. ఆ జీతంతో నన్ను చదివించింది. పెళ్ళయిన నాలుగేళ్ళకే భర్త పోయాడు, పిల్లలు లేరు. నేను పెళ్ళి చేసుకోలేదు. జూనియర్ కాలేజీలో చరిత్ర చెబుతాను. అప్ప రిటైరయ్యాక నా దగ్గరికి వచ్చేసింది. ఇద్దరం ఒక మేడమీది వాటాలో చాలాకాలం ఉన్నాం.

పోయిన వేసవికి ముందు విశాఖపట్నంలో డాక్టరు ఆమె కాగితాలన్నీ చూసి, ఇక్కడ ఉంచి చేసేదేమీ లేదు, ఇంటికి తీసుకెళ్ళండి, నొప్పి తెలియకుండా మందులు రాస్తాను అన్నాడు. ఇంటికి అన్న మాట ఆయన తేలిగ్గా అన్నాడు. మాకు ఇల్లు లేదు. అద్దె వాటా ఉంది.

ఆ వాటా యజమానురాలు మరునాడే అరటిపళ్ళు పట్టుకుని పలకరించడానికి వచ్చింది. వైశాఖంలో తన కూతురి పెళ్ళి. మెట్లు దిగబోతూ ఆగి నాతో అంది: "మీరు వేరేగా అనుకోకండి టీచరుగారూ. పెళ్ళివారి ఇల్లు. పందిరి ఏసినాక ఏటైనా జరిగితే నా గుంట బతుకేటవ్వాల?"

ఏటైనా అంటే ఏమిటో ఆమె చెప్పనక్కరలేదు. మా వైపు అద్దె ఇంట్లో మనిషి పోవడాన్ని ఇంటివాళ్ళు ఒప్పుకోరు. పోయిన వేళ నక్షత్రం మంచిది కాదని తేలితే ఇల్లు పాడుపెట్టాలి. అంటే మూడు నెలలో ఆరు నెలలో తాళం వేసి, దీపం లేకుండా వదిలేయాలి. నక్షత్రం మంచిదే అయినా, శవం లేచిన ఇల్లని పేరు పడితే అద్దెకి ఎవరూ రారు. అందుకని ఆఖరి దశలో ఉన్న మనిషిని ఆస్పత్రిలో చేర్పిస్తారు. అక్కడ పోతే అక్కడినుంచే శ్మశానానికి తీసుకుపోతారు. సొంత ఇల్లున్నవాళ్ళు మంచంమీద పోతారు. అద్దెవాళ్ళు ఆస్పత్రి వరండాలో పోతారు. ఇది ఎవరూ రాసిపెట్టిన రూలు కాదు. రాసి ఉంటే కనీసం దానితో పోట్లాడవచ్చు.

అప్పకి ఇదంతా నాకన్నా బాగా తెలుసు. ఆ సాయంత్రం చోడి అంబలి, అంటే రాగిజావ, రెండు గుక్కలు తాగి గ్లాసు పక్కన పెట్టి అంది: "ఒసే, నన్ను మళ్ళీ ఆస్పత్రికి మాత్రం తీసుకెళ్ళకు. ఆ వాసన నాకొద్దు. ఎక్కడో ఒక గది సూడు. కిటికీ ఉంటే సాలు. అందులోనే పోతాను."

నా జీవితంలో ఆమె నన్ను అడిగినది అదొక్కటే.

బ్రోకరుని మా కాలేజీ అటెండరు పరిచయం చేశాడు. నలభై దాటిన మనిషి. ఒకప్పుడు బస్సు కాంప్లెక్సు దగ్గర జిరాక్సు షాపు నడిపి నష్టపోయాడు. అతనికి రెండు ఫోన్లు, ఒక పాత స్కూటరు. తనూ అద్దె ఇంట్లోనే ఉంటానని మొదటి రోజే చెప్పాడు. నన్ను వెనక కూర్చోబెట్టుకుని కంటోన్మెంటు వైపు, కోట వెనక, రింగురోడ్డు పక్కన ఇళ్ళు చూపించాడు. ప్రతి గుమ్మంలోనూ అవే ప్రశ్నలు. ఎంతమంది ఉంటారు, మీరేవుట్లు అని కులం, నీసు వండుతారా, చుట్టాలు ఎక్కువగా వస్తారా. ఇద్దరూ ఆడవాళ్ళే అని తెలిశాక ఒకావిడ నన్ను కిందినుంచి మీదికి చూసి, "మగదిక్కు లేదేటి?" అంది. మగదిక్కు ఉన్న ఇళ్ళలో అద్దె సరిగ్గా అందుతుందేమో నాకు తెలియదు.

నాలుగో ఇంటినుంచి బయటికి వచ్చాక అప్ప పరిస్థితి అతనికి ఉన్నదున్నట్టు చెప్పాను. స్కూటరు స్టార్టు చేయబోయినవాడు ఆగిపోయాడు.

"మేడం, ఈ మాట ఇంకెవులికీ సెప్పకండి."

"ఇంట్లో దిగాక చూస్తారు కదా."

"సూస్తే కదా. నాకు తెలిసినాయన ఒకడున్నాడు, నాలుగిళ్ళు ఉన్నాయి. వేరే వీధిలో ఉంటాడు. ఒకటో తారీకున అద్దెకి తప్ప రాడు. పెద్దమ్మగారికి నడుం నొప్పి అందాం. నడుం నొప్పి లేనోలు ఈ ఊర్లో ఎవులున్నారు?"

"నేను అబద్ధం చెప్పలేనండి."

"మీరు సెప్పకండి. నాను సెప్తాను. దానికే కదేటి మీరు డబ్బులిచ్చేది."

రిస్కు ఉంది కనక నెలన్నర అద్దె అడిగాడు. ఇస్తానన్నాను. పని చేసే మనిషి డబ్బిచ్చినవాళ్ళ మనిషి అని నేననుకున్నాను. ఇన్నేళ్ళు చరిత్ర పాఠం చెప్పినదాన్ని అలా అనుకోవడం నాకిప్పటికీ ఆశ్చర్యం.

చైత్రం చివర ఆ ఇంట్లో దిగాం. అప్పని వ్యానులోంచి కుర్చీలో దించాల్సి వచ్చింది. ఒకవైపు డ్రైవరు, రెండోవైపు బ్రోకరే పట్టుకున్నాడు. గుమ్మం దగ్గర ఆమె కాలు తలుపుకి తగలకుండా తన మోచెయ్యి అడ్డం పెట్టాడు. అతని చర్మం గీరుకుపోయింది. నేను పాలు పొంగించి ఒక గ్లాసుతో అతనికీ ఇచ్చాను. డబ్బు రెండు చేతులతో అందుకుని కళ్ళకద్దుకున్నాడు. ఇవన్నీ జరిగాయి. తరవాత జరిగినవాటి కోసం వీటిని దాచను.

గదిలో కిటికీ పెద్దది. పక్కింటి డాబా కనిపించేది. ఆ ఇంటావిడ ఎండ రాగానే వడియాలు పెట్టేది. అప్ప దిండుకి జారగిలబడి చూస్తూ, "అంత పెద్దవి పెడితే లోపల ఎండవు. సెప్పవే ఆవిడకి," అనేది. నేను చెప్పాను. ఆవిడ కాస్త చిన్నబుచ్చుకుంది. తరవాత సాయంత్రాలు వచ్చి అప్ప దగ్గర కూర్చోవడం మొదలుపెట్టింది. పొద్దున పేపరు నేను చదివి వినిపించేదాన్ని. తప్పు వాక్యం వస్తే అప్ప చెయ్యి ఎత్తి ఆపేది. ఒంట్లో ఓపిక పోయినా ఆ చెయ్యి మాత్రం లేచేది. మెత్తబడిన పొందూరు చీరలు రెండే మార్చి మార్చి కట్టేదాన్ని. మిగతావి ఒరుసుకుంటున్నాయనేది.

బ్రోకరు గురించి ఒకరోజు తనే మాట తెచ్చింది. "ఆడు మంచోడే. కానీ నీ మనిసి కాడు."

"నెలన్నర అద్దె ఇచ్చాను కదే."

"నువ్వు ఒకసారి ఇచ్చినావు. మళ్ళీ ఆడి మొకం సూడవు. ఆ ఇంటాయనకి నాలుగిళ్ళు. ఏడాదికోపాలి ఏదో ఒకటి ఖాళీ అవుద్ది. ఆడికి అన్నం ఎక్కడ దొరుకుతాదో సెప్పు."

నేను నవ్వేశాను. జబ్బుమనిషికి అనుమానాలు ఎక్కువవుతాయని కూడా అనుకున్నాను.

జ్యేష్ఠంలో ఒక ఉదయం, అద్దె రోజు కాని రోజున, ఇంటాయన వచ్చాడు. రిటైరయిన గుమాస్తా, నెమ్మదైన మనిషి. లోపలికి రమ్మంటే రాలేదు. గుమ్మంలోంచే గదిలోకి చూశాడు. అప్ప నిద్రలో ఉంది. దుప్పటి కింద మనిషి ఉన్నట్టే లేదు. ఆయన చాలాసేపు చూసి, గొంతు తగ్గించి అన్నాడు:

"నడుం నొప్పి అన్నారు."

నేను గది తలుపు దగ్గరగా వేశాను.

"మా ఆవిడకి రాత్రి నిద్ర లేదమ్మా. పిల్లలు గలవాళ్ళం. ఇంట్లో అలాటిది జరిగితే వంశానికి చెడుపంటున్నారు. ముందే చెప్పుంటే ఇల్లు ఇచ్చేవాణ్ణి కాదు. అది మీకూ తెలుసు."

"ఎవరు చెప్పారండీ మీకు?"

ఆయన నావైపు వింతగా చూశాడు. "ఇల్లు చూపించినాయనే," అన్నాడు.

నేను ఫోను చేస్తే బ్రోకరు అరగంటలో వచ్చాడు. తప్పించుకుంటాడనుకున్నాను. తప్పించుకోవలసిన పని చేశానన్న ఆలోచనే అతనికి లేదు. కుర్చీ లాక్కుని కూర్చుని, టీ ఇస్తే తీసుకుని, జరిగింది తనే చెప్పాడు. బొబ్బిలినుంచి ఒక బ్యాంకు ఆఫీసరు బదిలీమీద వచ్చాడు. ఇలాంటి ఇల్లే కావాలంటున్నాడు. మాకన్నా అద్దె ఎక్కువ ఇస్తాడు. అమావాస్య లోపల దిగిపోవాలి.

"ఆషాఢం వచ్చీసిందంటే మాకు పనుండదు మేడం. ఎవులూ ఇల్లు మారరు, పాలు పొంగించరు. శ్రావణం దాకా నోరు కట్టుకోవాల. ఈ పది పదిహేను రోజుల్లో దొరికిందే."

"ఎవరికీ చెప్పొద్దన్నది మీరే కదా?"

"అప్పుడు ఇల్లు ఖాళీగా ఉన్నాది మేడం."

ఈ మాట అతను చాలా మామూలుగా అన్నాడు. అతను ఉత్సాహంగా మిగతాది చెప్పుకుపోయాడు. పెద్దమ్మగారిని ఆస్పత్రిలో పెడదాం, అక్కడైతే ఏసీ ఉంటుంది, నర్సులుంటారు. నాకు కాలేజీ దగ్గర ఒంటి గది చూశాడు. నా దగ్గర సగం నెలే తీసుకుంటాడు, ఎందుకంటే నేను కష్టంలో ఉన్నాను.

అప్పుడు నాకు అర్థమైంది. బ్యాంకు ఆఫీసరు దగ్గర ఒక నెల. నా దగ్గర సగం. త్వరగా ఖాళీ చేయించినందుకు ఇంటాయన దగ్గర ఇంకొంత. మా అప్ప ఆ మంచంమీద నుంచి లేస్తే మూడువైపుల నుంచి కూలి వస్తుంది. ఆమె అక్కడే ఉంటే ఏమీ రాదు. ఇల్లు చూపించినందుకు అతనికి డబ్బిచ్చే మనం, అందులో మనం ఉండడానికి కూడా ఇచ్చామని అనుకుంటాం. ఉండడానికి అతనికి ఎవరూ ఏమీ ఇవ్వరు. దిగిన రోజున అతని సంపాదన అయిపోతుంది, మళ్ళీ మనం లేచిన రోజునే మొదలవుతుంది. ఒక ఇంట్లో ఒక కుటుంబం ఇరవై ఏళ్ళు సుఖంగా ఉంటే అది అతని పాలిట బీడుపడ్డ భూమి. అతను చెడ్డవాడు కాదని నేను చాలాసార్లు నాకు చెప్పుకున్నాను. చెడ్డవాడయితే నా కోపానికి ఒక మనిషి దొరికేవాడు. మామూలు మనిషి చేత ఇలాంటి పని, టీ తాగుతూ, మొహమాటం లేకుండా చేయించే పద్ధతిని ఏ మొహం చూసి తిట్టాలి?

లోపలినుంచి అప్ప పిలిచింది. నన్ను కాదు. "ఒరే, ఇలా రా."

అతను గ్లాసు కింద పెట్టి గది గుమ్మంలో నిలబడ్డాడు.

"ఆషాఢం ఎప్పుడొస్తాది?"

"అమాస ఎల్లిన మర్నాడే తల్లీ."

"ఆషాఢంలో నీకు పని నేదన్నావు."

"నేదు తల్లీ."

"అయితే అమాస దాకా నాను సావను. ఎల్లి ఆ ఇంటాయనకి సెప్పు. ఆ తరవాత పోతే నీకు నష్టమేటి? ఎలాగూ కాళీగా కూకుంటావు కదా."

"అలగంటే ఎలగమ్మా," అని అతను నావైపు తిరిగాడు, నేనేదో సర్దిచెబుతానన్నట్టు. నేను సర్దిచెప్పలేదు. అతను మిగిలిన టీ తాగి వెళ్ళిపోయాడు. అప్ప కళ్ళు మూసుకుని, "సక్కెర తక్కువేసినావా ఆడికి? మొకం అలా పెట్టినాడు," అంది.

ఆ తరవాతి రోజులు నాకు ఇప్పటికీ గుర్తుకొస్తే పళ్ళు బిగుసుకుంటాయి. ఇంటాయన రోజూ ఫోను చేసేవాడు. ఆయన భార్య కొబ్బరి ముక్క, కుంకుమ పంపి, వాటితోపాటే మంచి ఆస్పత్రి పేరు పంపింది. బ్రోకరు బ్యాంకు ఆఫీసరుని స్కూటరుమీద తెచ్చి గేటు బయటినుంచి ఇల్లు చూపించాడు. కిటికీలోంచి నేను చూస్తూనే ఉన్నాను. అతను చెయ్యెత్తి ఆ కిటికీనే చూపించాడు. గాలి బాగా వస్తుందని చెబుతున్నాడు కాబోలు.

అమావాస్య ఇంకో మూడు రోజులుందనగా మధ్యాహ్నం గేటు ముందు అంబులెన్సు ఆగింది. నేను పిలవలేదు. ఇద్దరు మనుషులు స్ట్రెచరు దించుతున్నారు. వెనకే బ్రోకరు స్కూటరు.

"ఇంటాయన డబ్బులు కట్టీసినాడు మేడం. మీకేటీ ఖర్చు లేదు. అమ్మగారి బట్టలు సర్దండి బేగి."

నేను కోపం వస్తే గట్టిగా మాట్లాడగలిగే మనిషిని కాను. నలభైమంది పిల్లలున్న క్లాసులో కూడా గొంతు పెంచింది తక్కువ. గుమ్మానికి అడ్డంగా నిలబడ్డాను. రెండు చేతులూ తలుపు చట్రానికి రెండువైపులా ఆనించాను. "ఆ బండి ఎక్కవలసినవాళ్ళు ఈ ఇంట్లో ఎవరూ లేరు," అన్నాను.

"మీకు తెల్దు మేడం. ఆఖర్న ఇబ్బంది పడతారు."

అప్పుడు పక్క డాబామీదనుంచి వడియాల ఆవిడ వంగి అరిచింది. "ఏటిరా అది? పేనం ఉన్న మనిసిని మోసుకెలిపోతారేటి? మీ ఇంట్లో ముసిలోలని మోసుకెల్లండి ముందు."

స్ట్రెచరు పట్టుకున్న ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. వాళ్ళలో పెద్దవాడు నా దగ్గరికి వచ్చి, "మాకు తెల్దమ్మా. పేసెంటే రమ్మందని సెప్పినాడు ఈయన," అన్నాడు. బ్రోకరుతో మాట్లాడకుండానే స్ట్రెచరు బండిలోకి ఎక్కించాడు. బండి వెళ్ళిపోయాక బ్రోకరు గేటు దగ్గర కాసేపు నిలబడ్డాడు. "మీ మంచికే అనీసి తెచ్చినాను," అన్నాడు. నేను తలుపు వేశాను.

లోపల అప్ప మేలుకునే ఉంది. అంతా విందో లేదో తెలియదు. నీళ్ళు అడిగింది. చెంచాతో పోశాను.

నాకు తిథి వార నక్షత్రాలమీద నమ్మకం లేదు. గోడమీది క్యాలెండరులో నేను చూసేవి సెలవులు మాత్రమే. ఆ వారం మాత్రం పొద్దున లేచి చిన్న అక్షరాల్లో ఉన్న తిథి చదివేదాన్ని. అమావాస్య వెళ్ళి పాడ్యమి వచ్చిన రోజున ఫోను ఒక్కసారి కూడా మోగలేదు. ఇంటాయన రాలేదు. వచ్చి చేసేదేముంది? ఆయన భయాన్ని రోజూ రాజేసిన బ్రోకరుకి ఇక దానితో పని లేదు. ఆ నెలలో ఆయన ఇంట్లో ఎవరూ కాలు పెట్టరు. బ్యాంకు ఆఫీసరు తన మనుషుల్ని శ్రావణంలో తెచ్చుకుంటానని లాడ్జిలో గది తీసుకున్నాడట. బ్రోకరు స్కూటరు మా వీధిలో కనిపించడమే మానేసింది. కొత్త కోడలు అత్తారింట్లో ఉండకూడదనీ, పొయ్యి మార్చకూడదనీ లోకం పక్కనపెట్టిన నెల మాది అయింది. మమ్మల్ని ఎవరూ దయతలచి వదల్లేదు. మాతో ఎవరికీ పని లేకపోయింది. ఆ రెండింటికీ తేడా ఆ నెలలో నాకు పట్టలేదు.

అప్ప ఆషాఢంలోనే, కిటికీ ఉన్న ఆ గదిలో, తన మంచంమీద పోయింది. మధ్యాహ్నం పూట. బయట సన్నగా వాన పడుతోంది. నేను పేపరు చదువుతున్నాను. ఒక తప్పు వాక్యం వచ్చింది. చదివేసి, చెయ్యి లేస్తుందేమోనని చూశాను. ఇంకో వాక్యం చదివాను. తరవాత పేపరు మడిచి పక్కన పెట్టాను.

వడియాల ఆవిడా నేనూ స్నానం చేయించాం. పల్లెనుంచి పెదనాన్న మనవలు వచ్చారు. అప్పని వీధి గుమ్మంలోంచే తీసుకెళ్ళాం. ఇంటాయన రోడ్డు అవతల గొడుగుతో నిలబడి నమస్కారం పెట్టాడు. ఆ రాత్రే నాకు ఫోను చేసి, ఎన్ని గంటలకి పోయారని అడిగాడు. చెప్పాను.

పెద్దకర్మ ఇంకా కాలేదు. ఒక సాయంత్రం ఇంటాయనా బ్రోకరూ వచ్చి వరండాలో కూర్చున్నారు. నేను లోపల ఉన్నాను. తలుపు తీసే ఉంది. వాళ్ళు గొంతు తగ్గించలేదు. ఇంటాయన తన పురోహితుణ్ణి అడిగాడట. నక్షత్రం మంచిది కాదు, ఆరు నెలలు పాడుపెట్టాలన్నాడట.

"ఆరు నెల్లేటి?" అన్నాడు బ్రోకరు. "ఆయనకి టయిం సరిగ్గా సెప్పినారా? నాను ఇంకో పెద్దాయన్ని అడిగినానండి. ఆ నచ్చత్రం పొద్దున్నే దాటిపోయిందట. అమ్మగారు పోయింది మజ్జానం కదా. ఏ దోసం లేదు. కడిగించి, పుణ్యావచనం సేయించీసి ఇచ్చీయొచ్చు అన్నాడు."

"నువ్వే కదయ్యా పోయిన నెల, ఈ ఇంట్లో ప్రాణం పోతే వంశానికి చెడుపన్నావు?"

"అది పోకముందు మాటండి."

నేను గదిలో నేలమీద కూర్చుని ఉన్నాను. మంచం అప్పటికే తీసేశాం. చాలా పుస్తకాలు చదివాను. మనిషి తన లాభం కోసం దేవుణ్ణి ఎలా మార్చుకుంటాడో రాసినవి వాటిలో ఎన్నో ఉన్నాయి. వరండాలో, రెండు కుర్చీల్లో, మా అప్ప పోయిన వేళని అటు జరిపి ఇటు జరిపి బేరం చేస్తుంటే వినడం వేరు. ఇల్లు ఖాళీ కావాలంటే చావు దోషం. ఖాళీ అయిన ఇల్లు నిండాలంటే చావులో దోషం లేదు. రెండూ అతను మనస్ఫూర్తిగా నమ్మే చెప్పాడు. నాకది ఎక్కువ మంటగా ఉంది. ఆరు నెలల అద్దె మిగులుతుంది కనక ఇంటాయనకీ ఆ రెండో పురోహితుడి మాటే నచ్చింది. నాకు శ్రావణం దాకా గడువిచ్చారు.

శ్రావణం రాగానే బ్రోకరు బ్యాంకు ఆఫీసరునీ, ఆయన భార్యనీ తెచ్చాడు. ఇంటాయన కూడా వచ్చాడు. నేను పుస్తకాలు అట్టపెట్టెల్లో సర్దుతున్నాను. ఆవిడ వంటిల్లు చూసింది, కుళాయి తిప్పి చూసింది, గదిలోకి వచ్చి కిటికీ దగ్గర నిలబడింది.

"గాలి బాగుంటాదండి ఇక్కడ," అన్నాడు బ్రోకరు. "పిల్లలకి సదువుకోడానికి పెట్టండి."

ఆవిడ నావైపు తిరిగి, మర్యాదగా, ఏదో మాట కలపాలని అడిగింది. "ఇంత మంచి ఇల్లు ఎందుకు ఖాళీ చేస్తున్నారండీ?"

బ్రోకరు నావైపు చూసి కళ్ళతోనే వద్దన్నాడు. నాకు పగ తీర్చుకోవాలని లేదు. మా అప్ప చావు ఎవరినో భయపెట్టడానికి వాడే వస్తువూ కాదు. ఆవిడ అడిగింది, నేను చెప్పాను.

"మా అప్ప పోయిన నెల ఈ గదిలో పోయింది. మీరు నిలబడ్డచోటే మంచం ఉండేది."

ఆవిడ కాలు వెనక్కి తీసుకుంది. భర్త మొహం చూసింది. ఆయన బ్రోకరు మొహం చూశాడు. ఇంటాయన నేల చూశాడు. దోషం లేదట అండీ, పెద్దాయన చెప్పాడు, అని బ్రోకరు మొదలుపెట్టేసరికి వాళ్ళు గేటు దాటారు. అతను స్కూటరు దాకా వెళ్ళి వెనక్కి వచ్చాడు.

"నోటికాడ కూడు తీసీసినారు మేడం."

"మీరు చెప్పి ఉండాల్సింది."

"సెప్తే ఎవులొస్తారు?"

ఆ ప్రశ్న నన్ను కాదు, ఇంటాయన్ని అడగవలసింది. ఆయన అప్పటికే అదే ఆలోచిస్తున్నాడు. వీధంతా తెలిసిపోయింది. పాడుపెడదామంటే దోషం లేదని తనే ఒప్పుకున్నాడు, పుణ్యాహవచనం కూడా చేయించాడు. అద్దెకిద్దామంటే వచ్చేవాళ్ళు లేరు. కాసేపు వరండాలో పచార్లు చేశాడు. నేను పెట్టెలోంచి పుస్తకాలు తిరిగి బయటికి తీసి గూట్లో పెట్టడం మొదలుపెట్టాను. ఆయన చూశాడు.

"అద్దె ఒకటో తారీకునే ఇస్తానండి, ఇన్నాళ్ళూ ఇచ్చినట్టే," అన్నాను.

"మీకు భయం లేదా అమ్మా, ఒక్కరూ?"

"మా అప్పే కదండీ."

ఆయన తలూపి వెళ్ళిపోయాడు. మంచివాడే. ఆయన భయం నిజమైనదే. కానీ అప్ప ఆ ఇంట్లో పోవడానికి అమావాస్య దాకా ప్రాణం బిగబట్టుకుని ఉండాల్సి వచ్చిందన్నది కూడా నిజమే. మంచివాళ్ళిద్దరూ కలిసి ఒక చచ్చిపోతున్న మనిషి గుమ్మానికి స్ట్రెచరు పంపారన్నదీ నిజమే. నేను దీన్ని మరిచిపోవాలని చుట్టాలు చెబుతారు. మరిచిపోను.

ఆ గదిలో ఇప్పుడు నేను పడుకుంటాను. మొన్న కార్తీకంలో బ్రోకరు ఫోను చేశాడు. ఏమీ జరగనట్టే, ఆరోగ్యం అడిగి, కాలేజీ సంగతులడిగి, చివరికి అసలు మాటకొచ్చాడు.

"మంచి రోజులు మేడం. ఎప్పుడు కాళీ సేస్తారు ఆ ఇల్లు?"

"మా అప్ప ఎలా ఖాళీ చేసిందో నేనూ అలాగే చేస్తాను," అన్నాను.

"అలగనకండి మేడం," అన్నాడు. "ఈ మాట ఇంటాయన ఇంటే నన్ను తిడతాడు."